నేను చదివి వినిపించిన శాపం

నా మొదటి శాసనాన్ని చాలా బాగా చదివానని మూడేళ్లపాటు అనుకున్నాను. ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో పిల్లలకు చరిత్ర చెబుతూ శాసనాల పాఠం దగ్గరికి రాగానే నా గొంతు తగ్గిపోతుంది. పిల్లలు మేడంకు ఒంట్లో బాగాలేదేమో అనుకుంటారు. ఇది రాస్తే నా గుండె బరువు తగ్గుతుందన్న ఆశ ఏమీ లేదు, తగ్గకూడదు కూడా. కానీ రాయకుండా ఉంటే అదీ దాచడమే అవుతుంది. నేను ఇప్పటికే చాలా దాచాను.

డిగ్రీలో చేరేటప్పుడు నాకు పురావస్తు శాస్త్రం అంటే ఏమిటో తెలియదు. ఆన్‌లైన్‌లో ఆఖరి ఆప్షన్‌గా పెట్టిన గ్రూపు వచ్చింది, అంతే. మా అబ్బాకు వనపర్తిలో కుట్టుమిషన్లు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. మా ఇంట్లో మాటలన్నీ ఉర్దూలోనే సాగుతాయి, ఇక్కడ మాత్రం తెలుగులో రాస్తున్నాను. సీటు వచ్చిన కాగితం అబ్బాకు చూపిస్తే కళ్లద్దాలు పైకెత్తి చదివి, "పురావస్తు అంటే పాత సామానే గదా? మన దుకాణంల ఉన్నదంత గదే. ఇంట్లనే చదువుకోపోతివి" అన్నాడు. అమ్మ నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. బీకాంలో సీటొచ్చిన స్నేహితురాళ్ల ముందు తల కొట్టేసినట్టయింది.

ఆ ఏడుపు మొదటి సంవత్సరం దాటలేదు. మా డిగ్రీ సారు ఒకరోజు పాత అక్షరాల పట్టిక తెచ్చి నల్లబల్లకు వేలాడదీశాడు. ఒక్కో అక్షరం వందల ఏళ్లలో ఎలా వంపు తిరిగిందో, తలకట్టు ఎలా పుట్టిందో ఆ పట్టికలో ఉంది. క్లాసులో సగంమంది ఆవలించారు. నాకు ఎందుకో ఒళ్లు పులకరించింది. మూడు నెలల్లో ఆ పట్టికంతా నోటికి వచ్చింది. ఇంట్లో సరుకుల చీటీ కూడా పాత లిపిలో రాసి అమ్మను ఏడిపించేదాన్ని. గుళ్ల దగ్గర, కోట గోడల దగ్గర రాయి కనబడితే చాలు, నలుగురికీ వినబడేలా పైకి చదివేదాన్ని. ఆగి చూసేవాళ్లు, "సాయబుల పిల్ల పాత తెలుగు చదువుతున్నది" అనుకుంటుంటే నాకు మహా గర్వంగా ఉండేది. అప్పటి నన్ను ఇప్పుడు ఎదురుగా నిలబెడితే చెంప మీద ఒకటి ఇచ్చి కూర్చోబెడతాను.

రెండో సంవత్సరంలో ప్రాజెక్టు రాయాలన్నారు. ఎవరి మండలంలో వాళ్లు, ఇంతవరకు ఎవరూ పట్టించుకోని ఒక పాత రాయినో, గుడినో, కట్టడాన్నో వెతికి వివరాలు రాసుకురావాలి. అప్పుడే ఒక సాయంత్రం మా దుకాణంలో ఆమె పరిచయమైంది. ఖిల్లా ఘణపూర్ దారిలో ఒక చిన్న ఊరు ఆమెది. ఊళ్లో ఆడవాళ్లకు జాకెట్లు కుట్టేది. మిషన్ పట్టేసినప్పుడల్లా తలభాగం విప్పి, గోనెసంచిలో మూట కట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చేది. అబ్బా దాన్ని విప్పి నూనె పెడుతుంటే స్టూలు మీద కూర్చుని ఆయనతో మాట్లాడేది.

"అన్నా, నీ బిడ్డ ఏం చదువుతున్నది?"

"పాత రాళ్ల మీది రాతలు చదువుతదంట చెల్లె. నాకైతే సమజ్ కాదు."

"అగో! మా పొలం గట్టు మీద గూడ ఒక రాతబండ ఉన్నది గదా. ఎవ్వలకు చదువరాదు. కోతలప్పుడు దాని మీద కొడవండ్లు నూరుకుంటరు."

నేను పుస్తకం మూసేసి లేచి నిలబడ్డాను. అబ్బాకు చెల్లెలి వరసైనా, ఆ నిమిషం నుంచి ఆమె నాకు పెద్దమ్మ.

వరి కోతలు అయిపోయాక ఒక ఆదివారం వాళ్ల ఊరికి వెళ్లాను. సంచిలో పెద్ద కాగితాలు, నల్లరంగు సీసా, దాన్ని అద్దడానికి గుడ్డతో కట్టిన బిళ్ల, అబ్బా దుకాణంలో మిషన్ల దుమ్ము దులిపే బ్రష్షు పెట్టుకున్నాను. పెద్దమ్మ భర్త బస్సు దిగేచోటికి ఎదురొచ్చాడు. సన్నటి మనిషి, మాట తక్కువ. నేను వద్దంటున్నా సంచి తీసుకుని ముందు నడిచాడు.

వాళ్ల రెండు మడులు ఒక కుంట కింద ఉన్నాయి. ఆ కుంట కాలువ గట్టు మీద, సగం మట్టిలో దిగి ఉంది ఆ బండ. ఒక అంచు కొడవళ్లు నూరి నూరి నున్నగా అయిపోయింది. పెద్దయ్య పారతో చుట్టూ మట్టి తీశాడు. బకెట్లతో నీళ్లు తెచ్చి పోస్తుంటే నేను రాసి రాసి కడిగాను. అక్షరాలు ఒక్కొక్కటే బయటికొస్తుంటే నాకు ఆకలి, ఎండ ఏమీ తెలియలేదు.

"ఈ బండ మొదటినుంచీ ఈడనే ఉన్నదా పెద్దయ్యా?" అని అడిగాను. అది నా తెలివి కాదు. సారు ఇచ్చిన ఫారంలో ఆ ప్రశ్న ఉంది.

"లేదు బిడ్డా. మా తాత తెచ్చిండంట బండి కట్టి. గీడ కాల్వకు గండి పడుతుంటే అడ్డం ఏసిన్రు."

"యాడికెల్లి తెచ్చిన్రు?"

"ఏమో మరి. మస్తు దూరం అంటుండె మా నాయన."

నోటుబుక్కులో "ఇతర వివరాలు" అన్నచోట ఆ రెండు ముక్కలూ రాసుకున్నాను. రాసుకుని మరిచిపోయాను.

తడిపిన కాగితం రాయి మీద పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేలా బ్రష్షుతో అరగంట కొట్టాను. అది కొంచెం ఆరాక నల్లరంగు అద్దితే నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు లేచి వచ్చాయి. పెద్దమ్మ అప్పుడే ఇంటి పని ముగించుకుని వచ్చి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడింది. "అమ్మో, ఫొటో దిగినట్టే వచ్చెగదనే" అంది. నేను కాగితం ఎత్తి పట్టుకుని చదవడం మొదలుపెట్టాను.

పైన రాజు బిరుదులు తేలిగ్గానే వచ్చాయి. ఆ రాజు కింద ఉన్న ఒక అధికారి, దేవుడి నైవేద్యం కోసం చెరువు వెనక వరిమడి ఇచ్చాడన్నదాకా అర్థమైంది. తర్వాత ఆ భూమికి నాలుగు దిక్కులా హద్దులు చెప్పే పంక్తులు వచ్చాయి. కొడవళ్లు నూరింది సరిగ్గా అక్కడే. ఒక్కో అక్షరం వేలితో తడిమి పోల్చుకోవాలి, చాలాసేపు పడుతుంది. ఇద్దరు మనుషులు నా మొహంలోకే చూస్తున్నారు. తడబడడం నాకు ఇష్టం లేకపోయింది. వాటిని వదిలేసి చివరి నాలుగు పంక్తుల మీదికి దూకాను. దానశాసనాల చివర ఎప్పుడూ ఉండే శాపమే అది. సగం అక్షరాలు అరిగిపోయినా క్లాసులో కంఠతా పట్టినదే కాబట్టి గడగడా చదివేశాను.

"ఏం రాసిన్రు బిడ్డా?" అంది పెద్దమ్మ.

"ఎన్కట ఒక దొర గీ మడి దేవునికి రాసిచ్చిండు పెద్దమ్మా."

"ఏ మడి?"

"గిదే" అని చేత్తో చూపించాను. ఆ మాట నాకు ఎవరు చెప్పారు? రాయి అక్కడుంది, మడి అక్కడుంది, అంతే. "దేవుని భూమి కాజేసి దున్నుకునేటోళ్లు అరవై వేలేండ్లు పెంటల పురుగులై పుడతరంట" అని నవ్వాను కూడా.

వాళ్లు నవ్వలేదు. పెద్దయ్య చేతిలో బకెట్ కింద పెట్టాడు. పెద్దమ్మ, "దున్నినోళ్లకేనా బిడ్డా? వాళ్ల పిల్లలకు గూడ తగుల్తదా?" అని అడిగింది.

నాకు తెలియదని చెప్పొచ్చు. ఆ రాయి మీద పిల్లల మాట లేదు, ఆ సంగతి నాకు బాగా తెలుసు. కానీ పుస్తకంలో చదివింది ఇంకా చెప్పాలన్న దురద. "కొన్ని శాసనాలల్ల వంశానికే తగుల్తదని రాస్తరు" అన్నాను. వచ్చిన పని అయిపోయినందుకు హుషారుగా కాగితం చుట్టుకున్నాను.

ఇంటికి తీసుకెళ్లి జొన్నరొట్టె, పల్లీల తొక్కు పెట్టారు. తింటూ గోడ వైపు చూస్తే, రెండు జడలకు ఎర్ర రిబ్బన్లు కట్టుకున్న ఒక పాప ఫొటో కనిపించింది. దానికి దండ వేసి ఉంది. పెద్దమ్మ నా చూపు గమనించి, "మా బిడ్డ. తొమ్మిదేండ్లది. జరమొచ్చింది. వనపర్తి దవాఖానకు తోల్కపోయేసరికే పానం పోయింది" అంది. నేను అయ్యో అన్నాను. మనసారానే అన్నాను. కానీ గట్టు మీద ఆమె అడిగిన ప్రశ్నకూ ఈ ఫొటోకూ ఉన్న సంబంధం నా బుర్రకు తట్టలేదు. లేదా తట్టినా తట్టనట్టు ఊరుకున్నానేమో, ఇన్నేళ్ల తర్వాత ఖచ్చితంగా చెప్పలేను. పెద్దయ్య మాత్రం ఆ పూట అన్నం ముట్టుకోలేదు. ఆకలి లేదన్నాడు.

నా ప్రాజెక్టుకు కాలేజీలో అందరికంటే ఎక్కువ మార్కులొచ్చాయి. సారు శాపం అనువాదాన్ని క్లాసులో చదివి వినిపించి మెచ్చుకున్నాడు. మూడో సంవత్సరం వానాకాలంలో ఒకరోజు అబ్బా దుకాణం మూసి ఇంటికొచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా నన్ను పిలిచాడు.

"ఆ ఘణపూర్ దారి చెల్లె వచ్చింది ఇయాల. ఆ మడులు బీడు పెట్టిన్రంట. వాళ్లాయన రైసుమిల్లుల మూటలు మోస్తుండంట. రాయికి పసుపు రాసి దీపం పెడుతున్నరంట. నువ్వేం చెప్పినవ్ వాళ్లకు?"

"రాసింది చదివిన."

"రాసిందంత చదవాల్నా?"

"అబద్ధం చెప్పమంటవా అబ్బా? నేను చదివే చదువు గది" అని అరిచాను. అబ్బా కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. అమ్మ మాత్రం బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టి నా వైపు అదోలా చూసింది. మా ఇంట్లో బద్దువా అంటే అందరికీ హడల్. కోపంలో ఎవరి నోటినుంచైనా శాపనార్థం వస్తే అమ్మ చేతిలో పని వదిలేసి వచ్చి నోరు మూయించేది. చిన్నప్పుడు చెల్లెలిని ఏదో తిట్టినందుకు నాతో మూడు రోజులు మాట్లాడలేదు. నోటితో అన్న ఒక మాట ఒక ఇంటిని ఎంత భయపెట్టగలదో తెలియని పిల్లను కాదు నేను. తెలిసిన ఇంట్లోనే పెరిగాను. ఆ భయం పెద్దమ్మకు కూడా ఉంటుందన్న ఆలోచన ఎందుకు రాలేదంటే జవాబు ఒక్కటే. నేను వాళ్లను చూడలేదు, రాయిని చూశాను.

మరుసటి రోజు సారుకు ఈ సంగతి చెబితే ఆయన సంతోషించాడు. "మంచిదే అమ్మా. పసుపు రాసిన రాయిని ఎవరూ పగలగొట్టరు. ఆ శాసనం ఇంక భద్రం" అన్నాడు. ఆ మాటతో నాకు ఊపిరి వచ్చినట్టయింది. అవునుకదా, శాసనాన్ని కాపాడాను అనుకున్నాను. నాకు కావలసిన మాట చెప్పే మనిషి దొరికాడు, దాన్నే పట్టుకుని పీజీకి హైదరాబాద్ వెళ్లిపోయాను.

పీజీలో మా మేడం వేరే రకం మనిషి. ఎంత బాగా చదివి వినిపించినా మెచ్చుకునేది కాదు. రెండో సంవత్సరంలో మమ్మల్ని గద్వాల వైపు తీసుకెళ్లింది. గద్వాలలో బస్సు దిగగానే ఆడపిల్లలమంతా చీరల దుకాణాల్లో దూరాం. మేడం కేకలు వేస్తూ వెనకే వచ్చి, తానూ ఒక జరీ అంచు చీర బేరం చేసి కొనుక్కుంది. మర్నాడు నది ఒడ్డున ఒక పాతగుడి చూపించింది. ఆనకట్ట నీళ్లలో మునిగిపోకుండా పాతచోటి నుంచి రాయి రాయి విడదీసి, తెచ్చి, మళ్లీ అదే వరుసలో పేర్చి కట్టిన గుడి అది. మేము ఏ శతాబ్దం, ఏ వంశం అని ఒకరి మీద ఒకరు పోటీపడి చెబుతున్నాం.

మేడం చేతులు కట్టుకుని అంతా విని, "ఇంత పెద్ద గుడే నడిచి వచ్చింది ఇక్కడికి. మరి ఒంటరి రాయి ఎంత దూరమైనా పోతుంది గదా. రాయి ముందర నిలబడంగనే అడగాల్సిన మొదటి మాట ఏది? నువ్వు యాడిదానివి అని. మీరెవ్వరూ అడగలేదు" అంది.

"మా తాత తెచ్చిండంట బండి కట్టి" అన్న పెద్దయ్య గొంతు అలాగే చెవిలో వినబడింది. హాస్టల్‌కు తిరిగి రాగానే పెట్టె అడుగునుంచి ఆ కాగితం తీసి నేల మీద పరిచాను. నేను దాటేసిన హద్దుల పంక్తులు చదవడానికి రెండు రోజులు పట్టింది. తూర్పున జంట బండల గుట్ట. దక్షిణాన తూము. పడమట పెద్ద బాట. ఉత్తరాన పక్క ఊరి పొలిమేర. పెద్దమ్మ వాళ్ల మడికి తూర్పున గుట్ట కాదు కదా, పిల్లలు ఎక్కి ఆడుకునేంత బండ కూడా లేదు. ఎటు చూసినా చదును నేలే. నోటుబుక్కు తెరిస్తే నా సొంత దస్తూరీలోనే ఉంది, బండి మీద తెచ్చారు, చాలా దూరం నుంచి అని.

ఆ మడి దేవుడిది కాదు. ఎప్పుడూ కాదు.

ఈ సంగతి తెలిసిన మరుక్షణం నేను బస్సెక్కి ఉండాలి. నేను చేసిన పని, మేడం దగ్గరికి పరుగెత్తడం. ఆమె నన్ను మొదటిసారి మెచ్చుకుంది. "పో, అసలు చోటు వెతుకు. నీ సిద్ధాంత వ్యాసం ఇదే" అంది. పాత పటాలు ముందేసుకుని, రెండు శనివారాలు తిరిగి, పెద్దమ్మ ఊరికి మూడు కోసుల అవతల ఒక తెగిపోయిన చెరువును పట్టుకున్నాను. కట్ట వెనక నిలబడి చూస్తే తూర్పున రెండు బండలు పక్కపక్కనే ఉన్నాయి. తూము రాళ్లు ఇంకా అక్కడే పడి ఉన్నాయి. ఆ రోజు నేను ఎంత సంతోషపడ్డానో చెప్పకపోతే ఇది అబద్ధపు రాత అవుతుంది. ఒంటరిగా ఆ కట్ట మీద ఎగిరాను. తిరుగు బస్సు పెద్దమ్మ ఊరి మీదుగానే పోయింది. ఆగింది కూడా. ఇద్దరు దిగారు. నేను కిటికీ పక్క సీటులో కూర్చుని, ఇప్పుడు దిగితే ఆలస్యమవుతుంది, వ్యాసం ఇచ్చాక తీరిగ్గా వచ్చి చెబుదాం అనుకున్నాను.

ఇంకొకటి చేశాను, అది అంతకంటే సిగ్గుచేటు. వ్యాసంలో ఆ రాయి గురించి రాసిన పేజీ కింద, చిన్న అక్షరాల్లో, "రాయి ప్రస్తుతం ఉన్నచోట రైతు కుటుంబం ఈ శాపం తమ పొలానికి వర్తిస్తుందని నమ్ముతూ సాగు మానుకున్నది. ఇది స్థానిక విశ్వాసం" అని రాశాను. మౌఖిక పరీక్షలో బయటినుంచి వచ్చిన ప్రొఫెసర్ ఆ వాక్యం చూసి ఆసక్తిగా, ఈ విశ్వాసం ఎన్నాళ్లనుంచి ఉందని అడిగాడు. తెలియదు సార్, అన్నాను. దాని వయసు మూడేళ్లు, పుట్టించింది నేను. వ్యాసానికి మంచి గ్రేడు వచ్చింది. అబ్బా వనపర్తిలో పదిమందికి మిఠాయి పంచాడు.

ఆ తర్వాత నాలుగేళ్లు గడిచాయి. నాగర్‌కర్నూల్‌లో గెస్ట్ లెక్చరర్‌గా చేరాను. వారం వారం వనపర్తి వచ్చేదాన్ని. మా బస్సు ఆగే చోటికి నాలుగడుగుల దూరంలోనే ఘణపూర్ బస్సు నిలబడి ఉండేది. కండక్టర్ కేక వేస్తుంటే నేను ఫోనులోకి తల దించుకునేదాన్ని. ఒక నెల పరీక్షలు, ఒక నెల జ్వరం, ఒక నెల వానలు. సాకులకు కొదవ లేదు. అసలు సంగతి, ఏ మొహం పెట్టుకుని పోవాలో తెలియక కాలు కదల్లేదు. పోయి చెబితే, నేను తప్పు చదివానని ఒప్పుకోవాలి. రోజులు గడిచేకొద్దీ, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదన్నది కూడా ఒప్పుకోవాల్సి వస్తుంది. అలా ఆలస్యమే ఇంకొంత ఆలస్యానికి కారణమైంది. అబ్బా మొదట్లో, "ఆ చెల్లె దగ్గరికి పోయొచ్చినవా?" అని అడిగేవాడు. తర్వాత అడగడం మానేశాడు. ఆమె కూడా దుకాణానికి రావడం మానేసింది.

పోయిన ఏడు నా క్లాసులో అచ్చంపేట వైపు నుంచి వచ్చే అమ్మాయి ఫోనులో ఒక రాయి ఫొటో చూపించింది. వాళ్ల పశువుల కొట్టం దగ్గర దొరికిందట. చదివి చెబుతానన్నాను. ఆ సాయంత్రం వాళ్లమ్మ ఫోన్ చేసింది. రాయి ఎంత పాతది, విలువైనదా అని అడుగుతుందనుకున్నాను. "మేడం, జర నిజం చెప్పున్రి. మాకేమన్న చెడు రాసున్నదా దాని మీద?" అంది. ఏమీ లేదమ్మా, ఎవరో బావి తవ్వించిన సంగతి అంతే, అన్నాను. అవతల ఆమె గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. ఆ ఆదివారమే ఘణపూర్ బస్సెక్కాను.

పెద్దమ్మ వసారాలో మిషన్ ముందు కూర్చుని ఉంది. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. గుర్తుపట్టగానే, "మా అన్న బిడ్డవు గదూ! రా, కూసో" అని పీట వేసింది. నీళ్లిచ్చింది. అబ్బా ఎలా ఉన్నాడని, నాకు పెళ్లయిందా అని అడిగింది. లోపల గోడ మీద పాప ఫొటో పక్కన ఇంకో ఫొటో ఉంది, దానికీ దండ ఉంది. సంచి పట్టుకుని నా ముందు నడిచిన మనిషి ఆయన.

"పెద్దయ్య ఎప్పుడు..."

"ఏడాది గూడ కాలే బిడ్డా. మిల్లు పనికి పోయొచ్చి పండుకున్నడు, తెల్లారి లేవలే. గుండె ఆగిందన్నరు."

మడుల గురించి అడిగాను. బీడుగానే ఉన్నాయంది, తుమ్మచెట్లు మొలిచాయంది. కౌలుకిమ్మని ఒకరిద్దరు అడిగితే, ఆ పాపం వాళ్లకెందుకని పెద్దయ్యే వద్దన్నాడట. నేను ఇంక ఆగలేకపోయాను. ఒక్కొక్కటే చెప్పాను. ఆ బండ ఆ మడిది కాదని, పెద్దయ్య తాత దాన్ని మూడు కోసుల దూరంలోని తెగిన చెరువు దగ్గరి నుంచి తెచ్చి ఉంటాడని, దాని మీద రాసిన హద్దులన్నీ అక్కడే కుదురుతున్నాయని, నేను ఆ పంక్తులు చదవకుండా దాటేశానని. పిల్లలకు తగులుతుందన్న మాట ఆ రాయి మీద లేనే లేదని, అది నేను నా గొప్ప కోసం అన్నదని కూడా చెప్పాను. చెబుతుంటే నా మాటలు నాకే తడబడ్డాయి.

పెద్దమ్మ మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి అలాగే విన్నది.

"అంటే మా మడి దేవునిది గాదు."

"కాదు పెద్దమ్మా."

"మేము దున్నుకున్నది తప్పు గాదు."

"తప్పు గాదు. ఎన్నడు గాదు."

"మరి మా బిడ్డ..." అని ఆపేసింది.

"జరమొచ్చి పోయింది పెద్దమ్మా. గంతే. మీరేం చేసినందుకు గాదు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది. కొంగు తీసినప్పుడు ఆమె మొహం కొంచెం తేటపడినట్టు కనిపించింది. నా గుండెల మీంచి ఏదో దిగినట్టయింది. ఆలస్యమైనా వచ్చి మంచిపని చేశానని, నా గురించే, ఆ క్షణంలో కూడా నా గురించే అనుకున్నాను.

అప్పుడు ఆమె అడిగింది. "నీకు గిది ఎప్పుడు ఎరుకైంది బిడ్డా?"

మొన్ననే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాటంటే ఆమె నమ్మేది. నేను తల దించుకుని నిజం చెప్పాను.

"నాలుగేండ్లయింది పెద్దమ్మా."

"నాలుగేండ్లు" అంది. అని లోపలికి తిరిగి భర్త ఫొటో వైపు చూసింది. నన్ను తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు.

"నేనే దున్నితిని, నా బిడ్డను నేనే మింగితిని అంటుండె బిడ్డా. పండుకునేముందు రోజు గదే మాట. గట్ల గాదులే అని నేను శాన సార్లు చెప్పిన. నా మాట నమ్మలే. నువ్వు చదువుకున్నదానివి. నువ్వొచ్చి చెప్తే నమ్ముతుండె."